బుధవారం నాటి తొమ్మిది మార్పులు

ముర్యాతి మొట్టమొదటి గెలుపు ఒక ఇంజను నంబరు. 2017 ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున, కాలిరెజో రేవు ఊళ్లో పడవల యజమానుల సంఘం గదిలో కూర్చుని, ఒక పడవ ఇంజను నంబరులో చివరి ఏడును తొమ్మిది చేసింది. మూడు కిలోమీటర్ల అవతల రేవు కార్యాలయంలో, ఎవరూ ముట్టుకోని తెరమీద, ఆ ఏడు దానంతట అదే తొమ్మిదయింది. ఆరు సెకన్లు పట్టింది. ఆ ఆరు సెకన్ల కోసం ఆమె పదకొండు నెలలు పాటుపడింది. నలభై మూడుసార్లు ఓడిపోయింది. ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడిందో ఒక బడిపిల్లల నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంది.

రేవు గుమాస్తా బు ఎందాహ్ ఫోనులో చెప్పిన మొదటి మాట, "ఏం చేశావే, ఇక్కడ అంకె కదిలింది" అని. ఆవిడ ముర్యాతి తల్లి ఈడుది, అందుకే ఊరంతా ఆవిడను బు అంటారు.

"ఏ అంకె?"

"చివరిది. ఏడుండేది. నా కళ్లజోడు తప్పు కాదు గదా?"

"మీ కళ్లజోడు బంగారం, బు. అలాగే చూస్తూ ఉండండి."

ఆ రోజు మధ్యాహ్నం ముర్యాతి సంఘం గదిలో అందరికీ కొబ్బరిపాల పొగచేప తెప్పించింది. రేడియో ఆపరేటర్ తెగుహ్ మూడు ముక్కలు తిని, "ఒక్క అంకెకే ఇంత చేప పెడితే, పడవ మొత్తం అటు దాటిస్తే తిమింగలమే తెప్పించాలి అక్కా" అన్నాడు.

ముర్యాతి పెద్ద చదువులు చదివిన మనిషి కాదు. తండ్రి పడవమీద పోయాడు, తల్లి చేపలు పొగబెట్టి అమ్మింది. రేవు వెనక వాడలోంచి వృత్తిబడికి వెళ్లి కంప్యూటరు నేర్చుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. ఆ బడిలో ఉన్నవి పదకొండు కంప్యూటర్లు, పనిచేసేవి నాలుగు. ఆ నాలుగూ పాడైనప్పుడు బాగుచేసింది కూడా ఆమే. ఇరవై రెండో ఏట సంఘంలో చేరింది. చేరిన ఏడాదే, కాగితాల మీద ఉన్న నాలుగు వందల పన్నెండు పడవల వివరాలూ, వాటిలో పనిచేసే ఆరువేల చిల్లర మనుషుల పేర్లూ డేటాబేస్‌లోకి ఎక్కించింది. ఒక్క పేరు పోలేదు. పట్టణం నుంచి వచ్చిన ఇంజనీర్లు ఆరునెలల పని అన్నదాన్ని ఈమె నాలుగు నెలల్లో ముగించింది. సముద్రపు పోటు రోడ్ల మీదికొచ్చి సంఘం గదిలో మోకాలిలోతు నీళ్లు నిలిచిన రోజుల్లో కూడా, మిషన్ను చేపల పెట్టెల మీదికెక్కించి పని ఆపకుండా చేసింది.

అయినా ఒక చిక్కు మిగిలింది. పడవల సంగతులు ముందుగా తెలిసేది సంఘానికి. పడవలు అరాఫురా సముద్రంలో ఎనిమిది నెలలపాటు చేపలు పడుతూ తిరుగుతాయి. అక్కడ ఫోన్లు పలకవు. రోజూ పొద్దున ఒక గంటసేపు రేడియోలో చెప్పుకునే మాటలే ఆధారం. ఎవడికి జబ్బు చేసింది, ఏ పడవ ఎక్కడుంది, ఎవడు ఒక పడవ దిగి ఇంకో పడవ ఎక్కాడు. తెగుహ్ అవి విని రాసేవాడు. కానీ పడవ ఆపదలో పడితే గాలింపు వాళ్లు చూసేది సంఘం పుస్తకం కాదు, రేవు పుస్తకం. సంఘం పుస్తకాన్ని శనివారం శనివారం ఒక డిస్కులో ఎక్కించి, మోటారు సైకిలు మీద రేవుకు పంపేవాళ్లు. అంటే రేవు పుస్తకం ఎప్పుడూ కొన్నాళ్లు వెనకబడే ఉండేది.

"పుస్తకం మొత్తం మోయడం ఎందుకు? పది పంక్తులు మారితే ఆ పదే మోద్దాం" అంది ముర్యాతి.

అందులో ఒక మెలిక ఉంది. డేటాబేస్ తనలో జరిగిన ప్రతి మార్పునూ జరిగిన వరసలో ఒక చిట్టాలో రాసుకుంటుంది. ఆ చిట్టాను చదువుతూ, ఇక్కడ మారిందాన్ని అక్కడా అదే వరసలో మార్చుకుంటూ పోవాలి. వరస తప్పితే, ఒక పడవ దిగకముందే మనిషి ఇంకో పడవలో ఎక్కి కూర్చుంటాడు. మధ్యలో వైరు తెగితే, ఎక్కడ ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకుని, మళ్లీ అక్కడి నుంచే ఎత్తుకోవాలి. ముర్యాతి కట్టింది అలాగే కట్టింది. ఎలుకలు వైరు కొరికి రెండు రోజులు ఆగిపోయినా, మళ్లీ కలిపాక ఒక్క మార్పు తప్పిపోలేదు. పక్క రేవుల వాళ్లు వచ్చి చూసిపోయారు. ఒకాయన ఆమె నోటుపుస్తకం ఫోటోలు తీసుకుని మరీ వెళ్లాడు.

ఆమె తమ్ముడు జుమాది ఆ జూన్‌లో సుంబెర్ లారిస్ అనే పడవమీద అరాఫురాకు వెళ్లాడు. పాతికేళ్లవాడు. వెళ్లేముందు అక్క దగ్గరికొచ్చి, "నీ మిషన్లో నేనెక్కడున్నానో చూపించు" అన్నాడు. చూపించింది. మనిషి నంబరు 2207, పడవ సుంబెర్ లారిస్, తిరిగి వచ్చే నెల ఫిబ్రవరి.

"ఫొటో లేదేంటి? మొహం లేకపోతే నన్నెట్టా గుర్తుపడతారు?"

"నంబరు చాలు. నీ మొహం చూస్తే నా మిషను ఆగిపోద్ది."

"అబ్బో. పెళ్లిచూపుల్లో నీ మొహం చూసి ఆగిపోయినోళ్ల లెక్క కూడా రాసుకున్నావా అందులో?"

తల్లి అవతల నుంచి, "వెళ్లేముందు ఆ మాటలేంట్రా" అని అరిచింది. వాడు నవ్వుకుంటూ పోయాడు.

అప్పటిదాకా కొన్ని పడవలతోనే పరీక్ష. సెప్టెంబరులో మొత్తం పుస్తకాన్ని కొత్త పద్ధతిలోకి మార్చాలని సంఘం నిర్ణయించింది. పద్ధతి ఇలా ఉండాలి. మొదట సంఘం పుస్తకం మొత్తానికి ఒక నకలు తీసి రేవులో పెట్టాలి. నకలు తీసిన క్షణాన చిట్టాలో ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తు దగ్గర నుంచి మార్పులు దాటించడం మొదలుపెట్టాలి. సెప్టెంబరు పన్నెండు మంగళవారం సాయంత్రం ముర్యాతి నకలు తీసింది, గుర్తు పెట్టింది. బుధవారం పొద్దున మొదలుపెట్టాలి.

బుధవారం పొద్దున సంఘం పెద్ద, ఊరంతా మర్యాదగా పాక్ అని పిలిచే పాక్ ద్విజో గదిలోకి వచ్చి గోడమీది క్యాలెండరు ముందు నిలబడ్డాడు. మా క్యాలెండరులో ఏడు రోజుల వారంతో పాటు అయిదు రోజుల వారం కూడా ఉంటుంది, లెగి అందులో ఒక రోజు. డెబ్బై దాటిన మనిషి. యాభై ఏళ్ల కిందట ఒక్క పడవతో ఆ సంఘాన్ని నిలబెట్టిన వాడు. ముర్యాతి తండ్రి పోయినప్పుడు వాళ్ల కుటుంబానికి నీడనిచ్చినవాడు కూడా ఆయనే.

"ఈ రోజు బుధవారం, లెగి" అన్నాడు. "మా నాన్న పోయిన రోజు. బుధవారం లెగితో కలిసొచ్చిన రోజున మా ఇంట్లో కొత్త పని ముట్టుకోరు. నీకు తెలీదంటే నేను నమ్మను."

"తెలుసు పాక్. మీరేమీ అనలేదని నేను..."

"రేపు చేద్దాం. గురువారం మంచిది. అన్నం గోపురం పెట్టిద్దాం, రేవు వాళ్లను పిలుద్దాం. మీట నేను నొక్కుతా."

దానికి ఎవరు కాదంటారు. మా వైపు ప్రతి ఇంటికీ అలాంటి ఒక రోజు ఉంటుంది, ముప్పై ఐదు రోజులకోసారి తిరిగొస్తుంది. ఆ రోజున పడవ నీళ్లలోకి దించరు, పిల్లకు పేరు పెట్టరు. అందులో తప్పు లేదు. ఒక్కరోజు ఆలస్యం వల్ల పనికి కూడా నష్టం లేదు. మంగళవారం గుర్తు మంగళవారం గుర్తే, గురువారం మొదలుపెట్టినా బుధవారం మార్పులు అందులోంచే వస్తాయి. ముర్యాతికి అది బాగా తెలుసు. ఆ బుధవారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లి, మర్నాటి పసుపన్నానికి కొబ్బరి తురుముతూ కూర్చుంది. తెగుహ్ మాత్రం ఎప్పటిలాగే రేడియో విని, వచ్చిన మాటలు పుస్తకంలో ఎక్కించాడు. రేడియోకు మంచిరోజూ చెడ్డరోజూ ఉండవు కదా.

గురువారం పొద్దున తొమ్మిదింటికి గది నిండిపోయింది. పసుపన్నం గోపురంగా నిలబెట్టారు. చుట్టూ ఉడికించిన గుడ్లు, వేయించిన చేపలు, కూరలు. ప్రార్థన అయ్యాక పాక్ ద్విజో వచ్చి ముర్యాతి పక్కన కుర్చీలో కూర్చున్నాడు. తెరమీద ఒకే ఒక్క వరస ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి అన్న చోట, గుర్తు తరవాత వచ్చే మొదటి మార్పు తేదీ కనిపిస్తోంది. బుధవారం, సెప్టెంబరు పదమూడు.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇదేంటి?"

"ఇక్కణ్నుంచి మొదలవుద్ది పాక్."

"పుస్తకం మొదటి పంక్తిలో ఆ తేదీయా?" ఆయన గొంతు పెంచలేదు. గొంతు పెంచి ఉంటే బాగుండేది. "మా నాన్న రోజు పేరుతో దీన్ని మొదలుపెడతావా, అమ్మా?"

వెనక నలభై మంది నిలబడి ఉన్నారు. రేవు అధికారి ఉన్నాడు. ముర్యాతి తల్లి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, కూతురి వైపు చూస్తోంది, పెద్దాయన మాట తీసెయ్యకు అన్నట్టు. నలభైమంది ముందు డెబ్బై ఏళ్ల మనిషికి ఎదురు చెప్పడం మా దగ్గర లేదు. ముర్యాతి గుర్తును గురువారం పొద్దుటికి జరిపింది. సాయంత్రం అందరూ పోయాక బుధవారం మార్పులను విడిగా అటు దాటించవచ్చు అనుకుంది. అది చెయ్యదగ్గ పనే. పది నిమిషాల పని.

పాక్ ద్విజో మీట నొక్కాడు. రేవు వైపు నుంచి ఫోను వచ్చింది, కదిలిందని. అందరూ తలలాడించారు.

సాయంత్రం నాలుగింటిదాకా అన్నం పొట్లాలు కట్టడమే సరిపోయింది. తరవాత ముర్యాతి మిషను ముందు కూర్చుంది. ఏవైనా తేడాలున్నాయేమో చూద్దామని రెండు పుస్తకాల లెక్కలూ పక్కపక్కన పెట్టింది. ఇక్కడ పడవలు నాలుగు వందల పన్నెండు. అక్కడా అంతే. ఇక్కడ మనుషులు ఆరువేల నూట ఎనభై. అక్కడా అంతే. ఆమె భుజాలు దిగాయి. రెండు పక్కలా ఒక్కటే కదా, బుధవారం నాడు పెద్దగా ఏమీ జరిగి ఉండదు అనుకుంది. లేచి చీపురు తీసుకుని గది ఊడ్చింది.

అంతే ఆమె చేసిన తప్పు. అంతకు మించి ఏమీ లేదు. ఒక మనిషి ఒక పడవ దిగి ఇంకో పడవ ఎక్కితే మొత్తం లెక్క మారదు.

డిసెంబరులో పడమటి గాలులు మొదలయ్యాయి. ఇరవై ఒకటో తేదీన బింతాంగ్ తిమూర్ అనే పడవ అరూ దీవులకు పడమరగా ఎక్కడో మునిగింది. ఆ పడవ మా రేవుదే. గాలింపు వాళ్లు రేవు పుస్తకంలోంచి జాబితా తీసుకున్నారు. పద్నాలుగు పేర్లు. మూడు రోజుల్లో పదకొండు మందిని ప్రాణాలతో తీశారు. మూడు శవాలు దొరికాయి.

ఇరవై నాలుగున ముర్యాతి రేవు కార్యాలయంలోనే ఉంది. ఆపద వచ్చిన దగ్గర నుంచి అక్కడే కూర్చుని, పేరు పేరుకూ ఎదురుగా దొరికాడు, దొరికాడు అని ఎక్కిస్తోంది. పద్నాలుగో పేరు దగ్గర అది ఎక్కించాక తలవంచుకుని కూర్చుంది. చనిపోయిన ముగ్గురిలో ఒకడు ఆమెతో బడిలో చదివినవాడు.

అప్పుడే ఫోను మోగింది. బు ఎందాహ్ తీసి విని, "అరూ నుంచి, గాలింపు వాళ్లు. నీతో మాట్లాడాలంట" అని అందించింది.

అవతల గొంతు బాగా అలిసిపోయి ఉంది. "అమ్మా, ఒక మాట సరిచూసుకోవాలి. మీ జాబితాలో పద్నాలుగు. మాకూ పద్నాలుగు దొరికారు. కానీ ఇక్కడ వంటవాడు ఒకడు ఇంకో మనిషున్నాడంటున్నాడు. జుమాది అంట. మీ జాబితాలో ఆ పేరు లేదు."

"జుమాదా?" ముర్యాతి కుర్చీలో నిటారుగా అయింది. "వాడు నా సొంత తమ్ముడండీ. వాడు సుంబెర్ లారిస్‌లో ఉన్నాడు. వేరే పడవ."

"ఖాయమేనా? వంటవాడు ఒకటే గోల."

"తెరమీద నా ఎదురుగా ఉందండీ. సుంబెర్ లారిస్. నంబరు 2207."

"ఉప్పునీళ్లు తాగినవాళ్లు ఏదో ఒకటి అంటుంటారులెండి. మూడు రోజులు నీళ్లలో ఉన్నాడు పాపం. మరి పుస్తకం సరైనదే కదా?"

"ఆ పుస్తకం నేను కట్టిందేనండీ" అంది ముర్యాతి.

"అయితే సరే. లెక్క కుదిరింది. పడవలు వెనక్కి పిలిపిస్తాం. మావాళ్లు కూడా అలిసిపోయారు."

ఫోను పెట్టేశాక ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. ఇంటికెళ్లి తల్లితో, "జుమాది పేరెవరో చెప్పారంట, నా ప్రాణం పోయింది. వాడు వేరే పడవలో ఉన్నాడు, ఏమీ కాలేదు" అంది. తల్లి గుండెమీద చెయ్యేసుకుని, పొయ్యి మీద కాస్త ఎక్కువ బియ్యం పడేసింది, ఇంటికొచ్చిన శుభవార్తకు.

సుంబెర్ లారిస్ రేడియో పాడై ఉంది. అది బాగుపడి డిసెంబరు ముప్పైన మళ్లీ పలికింది. ముర్యాతి ముందే తెగుహ్‌కు చెప్పి పెట్టుకుంది, ఆ పడవ పలికితే నన్ను పిలువు అని. తల్లి పంపిన మాట ఒకటి చెప్పాలి. అలలు పెద్దగా ఉన్నాయి, రాత్రిపూట పడవ అంచున కూర్చోవద్దు.

తెగుహ్ మైకు ఆమె చేతికిచ్చాడు. ఆమె ఆ మాట చెప్పింది. కాసేపు గరగర తప్ప ఏమీ వినిపించలేదు. తరవాత సరంగు గొంతు వచ్చింది.

"జుమాదా? మా దగ్గరెక్కడమ్మా? వాణ్ని బింతాంగ్ తిమూర్‌కిచ్చాం గదా, సెప్టెంబర్లోనే. వాళ్లకు ఒక మనిషి తక్కువైతే. అప్పుడే చెప్పాం గదా రేడియోలో. మీకు రాలేదా?"

ముర్యాతి జవాబుకని మైకు మీట నొక్కి, వదలడం మరిచిపోయింది. అవతలివాళ్లు ఏమన్నా మాట్లాడి ఉంటారు, ఇటు వినపడలేదు. తెగుహే ఆమె వేళ్లు ఒక్కొక్కటీ తీసి మైకు తీసుకున్నాడు.

"అక్కా. ఏమైంది. అక్కా."

ఆమె లేచి సంఘం మిషను దగ్గరికి వెళ్లింది. చిట్టా తెరిచింది. బుధవారం, సెప్టెంబరు పదమూడు. ఆ రోజు మార్పులు తొమ్మిది. వాటిల్లో ఎనిమిది తరవాతి రోజుల్లో మళ్లీ మారాయి. పడవ ఉన్న చోటు, ఐసు నిల్వ, ఒకడి జ్వరం. అవి ఆ తరవాత వచ్చిన మార్పులతో పాటు రేవుకు చేరుకున్నాయి, అందుకే ఎవరికీ తేడా కనిపించలేదు. తొమ్మిదోది అలా మళ్లీ మారలేదు. 2207 సుంబెర్ లారిస్ నుంచి బింతాంగ్ తిమూర్‌కు. ఎక్కించింది తెగుహ్. రేడియోలో వచ్చింది పేరు కాదు, నంబరు. పేరు ఉండి ఉంటే తెగుహ్ ఆ రోజే ఆమెతో, నీ తమ్ముడు పడవ మారాడక్కా అని చెప్పేవాడు. వాడికి నంబర్లే తెలుసు, అది ఎవరి తమ్ముడో తెలీదు.

ఆ పంక్తి సంఘం పుస్తకంలో మొదటి నుంచీ సరిగానే ఉంది. మూడు కిలోమీటర్ల అవతలే లేదు.

గాలింపు మళ్లీ మొదలైంది. మూడు రోజులు గాలించారు. అప్పటికి పది రోజులు దాటిపోయాయి, అలలు ఇంటి ఎత్తున ఉన్నాయి. ఏమీ దొరకలేదు. మూడో రోజు అదే అలిసిన గొంతు ఫోనులో, "అమ్మా, మేం మీ మాట మీద..." అని ఆగిపోయింది. ఆ మనిషి తప్పు పట్టడానికి ఫోను చెయ్యలేదు. అతనికీ నిద్ర పట్టక చేశాడు. ముర్యాతి, "నా మాట మీదేనండీ, ఔను" అంది.

జనవరిలో వంటవాడు వాకిజో ఇంటికొచ్చాడు. కాళ్లూ చేతులూ ఉప్పునీళ్లలో నాని వచ్చిన బొబ్బలు ఇంకా తగ్గలేదు. తల్లి వాడికి కాఫీ ఇచ్చింది. వాడు తాగలేదు.

"మూడుసార్లు చెప్పానమ్మా. పడవవాడికి చెప్పా, డాక్టరుకి చెప్పా, ఆఫీసరుకి చెప్పా. జాబితాలో లేడన్నారు. లేడంటే నేను అబద్ధమాడతానా, నేనే వాడికి అన్నం వండి పెట్టా గదా."

"జాబితా నాది" అంది ముర్యాతి.

వాకిజో ఆమె వైపు చూశాడు. "నీలం పీపా ఒకటి పట్టుకుని తేలాడు. మాతో రెండో రోజుదాకా ఉన్నాడు. కుర్రోళ్లు ఏడుస్తుంటే ఆటపట్టించేవాడు. భయపడొద్దురా, మా అక్క మిషన్లో మనం ఉన్నాం, ఏ పడవలో ఎవడున్నాడో దానికి తెలుసు, లెక్క తప్పనివ్వదు, వస్తారు అనేవాడు. తరవాత రాత్రి అల మమ్మల్ని విడగొట్టింది."

తల్లి లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. ముర్యాతి అక్కడే కూర్చుంది. వాకిజో చల్లారిన కాఫీ మొత్తం ఒక్క గుక్కలో తాగి, గ్లాసు కింద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్లాడు.

పాక్ ద్విజో మర్నాడు వచ్చాడు. అప్పటికే సంగతి ఊరంతా పాకింది. ఆయన గుమ్మంలోనే చెప్పులు విడిచి, లోపలికి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"నా వల్ల" అన్నాడు. "మా నాన్న రోజు వల్ల."

"రోజు మార్చమన్నారు మీరు పాక్. గుర్తు మార్చింది నేను. తరవాత చూడాల్సింది నేను. చూశాను కూడా. లెక్కలు చూశాను." ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే ఆయనకు కాస్త ఊరట ఉండేది. "లెక్కలు ఎంత బాగా కుదిరాయో మీకు తెలీదు."

ఆయన ఆ రోజు ఏమీ తినకుండానే వెళ్లాడు. ఆ తరవాత సంఘం గదిలో ఆ క్యాలెండరు కనపడలేదు.

ఇంట్లో ఇంకో చిక్కు. మనిషి పోతే మూడో రోజున, ఏడో రోజున, నలభయ్యో రోజున, వందో రోజున అన్నం వండి వాడలో అందరినీ పిలవాలి. తల్లి మూడో రోజున చెయ్యలేదు, అప్పటికి తెలీదు. ఏడో రోజుకూ తెలీదు. జనవరి ఇరవై తొమ్మిది నలభయ్యో రోజు. ఆ పొద్దున తల్లి బియ్యం చేటలో పోసుకుని, మధ్యాహ్నం దాకా ఏరుతూనే ఉంది. ఏరి, మళ్లీ డబ్బాలో పోసేసింది.

"వండితే నేనే వాణ్ని చంపినదాన్నవుతా. వండకపోతే వాడు ఆకలితో ఉంటాడు" అంది. "నువ్వు చెప్పవే. నీ పుస్తకంలో ఏముంది?"

పుస్తకంలో ఏముందో ముర్యాతికి తెలుసు. రేవు నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. 2207 ఎదురుగా ఏదో ఒకటి రాయాలి, గల్లంతు అనో మరణం అనో. ఆ మాట రాస్తే ఆరు సెకన్లలో రేవుకు చేరుతుంది, అక్కడి నుంచి ఇంకో నాలుగు కార్యాలయాలకు చేరుతుంది, ఇప్పుడు అన్నీ కలిసే ఉన్నాయి. ఆమె చేత రాయించాలని ఎవరూ గట్టిగా అనలేదు. నేను ఎక్కిస్తానక్కా, నువ్వు లేచి పక్కకు పో అన్నాడు తెగుహ్. ఆమె ఒప్పుకోలేదు. గురువారం నాడు సరే అన్నట్టు ఇప్పుడు ఎవరికీ సరే అనలేదు. తెలిసింది రాస్తా, తెలియంది రాయను అంది. రోజూ వస్తుంది, తన పని చేస్తుంది. మిగతా పడవల మార్పులు ఒక్కటి తప్పనివ్వదు. ఇప్పుడు మొత్తాలు కాదు, పంక్తికి పంక్తి పోల్చి చూస్తుంది, ఆరువేల నూట డెబ్బై ఏడు పంక్తులు. పోయిన ముగ్గురి పంక్తులూ ఆమే మూసింది. 2207 మాత్రం వదిలేసింది. ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటుంది. బరువు సగమైంది. నోటుపుస్తకంలో నలభై నాలుగోసారి అని తేదీ వేసి, కింద ఏమీ రాయకుండా వదిలేసింది.

ఫిబ్రవరి చివర్లో వాకిజో మళ్లీ వచ్చాడు. అరూలో తన్ను తీసిన పడవవాళ్లు ఫోను చేశారట. దక్షిణాన ఒక చిన్న దీవి ఉంది, ఫోను పలకదు, వారానికో పడవ వెళ్తుంది. ఆ దీవివాళ్లు జనవరిలో ఒక మనిషిని ఒడ్డున చూశారట. ఒకరు బతికే ఉన్నాడు, రెండు రోజులు అన్నం తిన్నాడు, వేరే పడవ ఎక్కి పోయాడు అంటారు. ఇంకొకరు కాదు, మేమే పాతిపెట్టాం అంటారు. పక్కనే నీలం పీపా దొరికిందని మాత్రం ఇద్దరూ అంటారు.

"రెండింట్లో ఏదో ఒకటే నిజం గదా" అంది తల్లి.

"ఏదో కనుక్కుని వస్తా" అంది ముర్యాతి.

తల్లి కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. కూతురు పాతిపెట్టామన్న మాటే నమ్ముతోందని ఆవిడకు తెలిసిపోయింది. వెళ్లి ఎండుచేపల మూట కట్టింది, ప్రయాణానికి.

సురబాయ నుంచి అరూకు వెళ్లే ఓడ మార్చి తొమ్మిదిన బయలుదేరుతుంది. వెళ్లడానికి ఆరు రోజులు, దీవికి వెళ్లి రావడానికి ఒక వారం, అదే ఓడమీద వెనక్కి. అది తప్పితే ఇంకో పదిహేను రోజులదాకా ఓడ లేదు. వందో రోజు మార్చి ముప్పై. తల్లి డబ్బాలో బియ్యం విడిగా తీసి పెట్టింది. వండాలో వద్దో కూతురు వచ్చి చెప్పాలి.

ఎనిమిదో తేదీ పొద్దున ముర్యాతి సంఘానికి వెళ్లి, తెగుహ్‌కు పని అప్పగించింది. వైరు తెగితే ఏం చెయ్యాలి, పంక్తులు ఎలా పోల్చాలి, అన్నీ చెప్పింది. వాడు తలూపుతూ విన్నాడు, ఎప్పటిలా ఒక్క ఎకసెక్కెం ఆడలేదు. పాక్ ద్విజో పక్క గదిలోంచి బయటికొచ్చి, 2207 పంక్తిని ఆమె వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ వినబడేలా చెప్పాడు. రేవు వాళ్లకు తనే ఉత్తరం రాస్తానన్నాడు. ఆమె ఆయనకు వంగి నమస్కరించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

తెగుహ్ సెలవు పుస్తకం తీశాడు. పేరు రాశాడు, వెళ్లే తేదీ రాశాడు. కలం ఎత్తి ఆగాడు.

"తిరిగి ఎప్పుడని రాయను అక్కా?"

ఆమె గుమ్మం దగ్గర మూట భుజానికెత్తుకుంటూ చెప్పింది. వాడు రాశాడు. 2018 మార్చి 28.